గోడ క్యాలెండరులో అమ్మ రాసిన వేళలు

మేము ఈ చలి దేశానికి వచ్చి రెండు శీతకాలాలు గడిచాయి. మొదటి శీతకాలమంతా మా ఇంట్లో అందరి నోటా ఒకటే మాట వినిపించేది: "ఎండలు రానీ, అప్పుడు చూద్దాం." భోజనాల బల్ల కొనడమైనా, అమ్మకు గ్రంథాలయంలో కార్డు తీసుకోవడమైనా, నేను కారు నేర్చుకోవడమైనా, పక్కింటివారిని ఒకసారి ఇంటికి పిలవడమైనా అన్నిటికీ అదే జవాబు. మేము విమానం దిగింది నవంబరు మొదటి వారంలో. ఇక్కడ చెట్లు మళ్ళీ చిగురించేది మే నెలలో. అంటే మా వారు, నేను, ఆరేళ్ళ మా అమ్మాయి, మాతో పాటు వచ్చిన మా అమ్మ, నలుగురం కలిసి ఆరు నెలల బతుకును వాయిదా వేసుకున్నామన్నమాట. ఎవరూ కూర్చుని ఆలోచించి తీసుకున్న నిర్ణయం కాదది. కొత్త ఇంటి అలసటలో, బయటి చీకటిలో, దానంతట అదే జరిగిపోయింది. ప్రయాణానికి ముందు ఏమేం సర్దుకోవాలో చెప్పినవారు మాకు చాలామంది దొరికారు కానీ, ఇక్కడికి వచ్చాక ఒక మామూలు రోజు ఎలా గడుస్తుందో చెప్పినవారు లేరు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందుగా గుమ్మం గురించి చెప్పాలి. వెచ్చని చోట పుట్టి పెరిగినవారికి గుమ్మం దాటడమంటే చెప్పుల్లో కాళ్ళు పెట్టడమే. ఇక్కడ అది ఒక పని, దానికంటూ కొంత సమయం తీసిపెట్టాలి. మా అమ్మాయిని బడికి తయారుచేసే వరుస నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఒంటికి అతుక్కునే పలుచని లోబనీను, దాని మీద ఉన్ని స్వెట్టరు, ఉన్ని మేజోళ్ళు, ఆ తరువాత దళసరి మంచు ప్యాంటు, బూట్లు, మెడకు గొట్టంలా తొడిగే మఫ్లరు, టోపీ, కోటు, అన్నిటికన్నా చివర చేతి తొడుగులు. ఈ వరుస తప్పితే మళ్ళీ మొదటికి రావలసిందే. తొడుగులు ముందు వేసుకుంటే ఆ చేతులతో జిప్పు లాగలేదు. కోటు ముందు వేసుకుంటే వంగి బూట్లు తొడుక్కోలేదు. అన్నీ సరిగ్గా వేసి, తలుపు గడియ తీస్తున్న క్షణంలో "అమ్మా, బాత్రూమ్" అనేది. ఆ మొదటి నెలలో ఆ మాట విని తలుపుకు ఆనుకుని నేను ఏడ్చిన రోజులున్నాయి.

ఏది తొడగాలో కూడా తప్పులు చేసే తెలుసుకున్నాము. మొదట్లో లోపల మెత్తగా ఉంటుందని పాపకు నూలు బనీను వేసేదాన్ని. పిల్లలు మంచులో పరిగెత్తుతారు, చెమట పడుతుంది. నూలు ఆ చెమటను పీల్చుకుని వదలదు. ఆట ఆగిన మరుక్షణం ఆ తడి బట్టే ఒంటిని చల్లబరుస్తుంది. ఉన్ని అలా కాదు, కాస్త తడిసినా వెచ్చదనాన్ని నిలుపుకుంటుంది. అలాగే వేళ్ళు విడివిడిగా ఉండే గ్లవ్స్ కన్నా, నాలుగు వేళ్ళూ ఒకే అరలో ఒదిగే మిటెన్లు వెచ్చగా ఉంటాయని, వేళ్ళు పక్కపక్కన ఉంటే ఒకదాని వేడి ఇంకొకదానికి అందుతుందని బడిలో పాప టీచరు చెప్పేదాకా నాకు తట్టలేదు. అప్పటికి రెండు వారాలుగా పాప కొంకర్లు పోయిన వేళ్ళతో ఇంటికి వస్తూనే ఉంది.

చివరికి మా వారు గుమ్మం పక్క గోడకు, పాప చేతికి అందే ఎత్తులో, నాలుగు కొక్కేలు కొట్టారు. వాటి కింద ఒక పొట్టి ముక్కాలి పీట, కరిగిన మంచు నేల మీదికి కారకుండా బూట్ల కింద ఒక పళ్ళెం. కొక్కేల వరుసే తొడుక్కునే వరుస. వారం తిరిగేసరికి పాప ఏడు నిమిషాల్లో తనంతట తానే తయారవడం మొదలుపెట్టింది. ఇప్పటికీ నన్ను బాధపెట్టేదేమిటంటే, గంటసేపు కూడా పట్టని ఆ పనిని ఎండలు రానీ అంటూ మార్చి వరకు లాగాము.

డిసెంబరులో ఒక రాత్రి పాప ముక్కు నుంచి రక్తం కారింది. దిండు గలీబు మీద ఎర్రటి మరకలు చూసి నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. చలి ఎక్కువై అలా జరిగిందనుకుని హీటరు ఇంకో రెండు డిగ్రీలు పెంచాము. అది ఉన్న ఇబ్బందిని పెంచింది. అసలు సంగతి గాలిలోని తేమది. మైనస్ 20 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి మోయగల నీటి ఆవిరి సుమారు 1 గ్రాము మాత్రమే. అదే గాలిని ఇంట్లోకి తెచ్చి 22 డిగ్రీలకు వేడిచేస్తే, దానికి 19 గ్రాముల దాకా మోసే శక్తి వస్తుంది కానీ దాని దగ్గర ఉన్నది ఆ ఒక్క గ్రామే. ఇక ఆ దాహమంతా మన ముక్కుల మీద, పెదవుల మీద, మడమల మీద తీర్చుకుంటుంది. తలుపు పిడి ముట్టుకుంటే చురుక్కుమని షాక్ కొట్టడం, దువ్వెన పెడితే పాప జుట్టు పైకి లేచి నిలబడడం కూడా ఆ పొడిదనం వల్లే. ఆ తరువాత పడకగదిలో గాలికి తేమనిచ్చే హ్యుమిడిఫైయర్ పెట్టాము, తడి తువ్వాళ్ళు గదిలోనే ఆరవేశాము. ఇందులోనూ ఒక హద్దు ఉంది. తేమ 30, 40 శాతం మధ్య ఉంచితే చాలు. అంతకు మించితే కిటికీ అద్దాల లోపలివైపు నీరు పట్టి, గడ్డకట్టి, కరిగినప్పుడు చట్రం చెక్కకు బూజు పడుతుంది. ఒక కిటికీని అలా పాడుచేసుకున్నాకే తేమను కొలిచే చిన్న మీటరు కొన్నాము.

గాలి సంగతి మా వారి చెవులు నేర్పాయి. థర్మామీటరులో మైనస్ 20 అని చూసి, నిన్న కూడా అంతే కదా అనుకుని, టోపీ లేకుండా బస్సు స్టాపుకు వెళ్ళారు. ఆ రోజు గంటకు 30 కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తోంది. అంత గాలిలో మైనస్ 20 ఒంటికి మైనస్ 33 లాగా తగులుతుంది. పది నిమిషాల తరువాత బస్సు ఎక్కేసరికి చెవి తమ్మెలు తెల్లబడి, మొద్దుబారాయి. మన ఒంటి చుట్టూ మనం వేడిచేసుకున్న పలుచని గాలి పొర ఒకటి ఎప్పుడూ ఉంటుంది, వీచే గాలి దాన్ని ఎప్పటికప్పుడు ఎత్తుకుపోతుంది. దీన్ని మొదట కొలిచినవారు పాల్ సిపుల్, చార్లెస్ పాసెల్ అనే ఇద్దరు. అంటార్కిటికాలో నీళ్ళు నింపిన పాత్రలను గాలికి వేలాడదీసి, అవి ఎంతసేపటికి గడ్డకడతాయో చూసి, 1945లో ఆ లెక్కలు ప్రచురించారు. ఇప్పుడు వాతావరణ సూచనలలో వినిపించే విండ్‌చిల్ అంకె ఆ పని నుంచే మొదలై, 2001లో సవరించిన సూత్రంతో వస్తోంది. పొద్దున్నే మా ఇంట్లో అందరూ ముందుగా చూసేది ఆ రెండో అంకెనే.

నడక కూడా మళ్ళీ నేర్చుకున్నాము. తెల్లగా కనిపించే మంచుతో అంత ప్రమాదం లేదు. కరిగి, రాత్రికి మళ్ళీ గడ్డకట్టి, నల్లని తారు మీద కంటికి కనిపించకుండా పరుచుకునే పలుచని పొరతోనే భయం. అడుగులు చిన్నవిగా, పాదమంతా నేలకు ఆనేలా, బరువు ముందు కాలి మీద ఉంచి, చేతులు జేబుల్లోంచి తీసి నడవాలి. పెంగ్విన్‌లాగా నడవమని ఇక్కడ పిల్లలకు నేర్పుతారు. అమ్మకు దాన్ని పాపే నేర్పింది.

ఇంటి ముందు కాలిబాట మీది మంచును ఆ ఇంటివారే తీయాలన్నది మా ఊళ్ళో నియమం. అది మాకు తెలియని మొదటి రోజుల్లో, తెల్లవారి లేచి చూస్తే మా ముంగిలి శుభ్రంగా ఉండేది. పురపాలక సంఘమే చేయిస్తోందనుకున్నాము. మూడు వారాల తరువాత ఒకరోజు పెందలాడే లేచి కిటికీలోంచి చూస్తే, పక్కింటి పెద్దాయన తన ముంగిలి పూర్తిచేసి, మా వైపు పార తోసుకుంటూ వస్తున్నారు. ఆయనకు డెబ్భై ఏళ్ళు దాటాయి. మా వారు చొక్కా మీద కోటు లాక్కుని పరిగెత్తారు. ఏం చెప్పి పార అందుకున్నారో నాకు వినిపించలేదు కానీ, లోపలికి వచ్చాక చాలాసేపు మాట్లాడలేదు. అంత చేసిన మనిషిని ఇంటికి పిలవడానికి కూడా మేము ఎండల కోసమే ఎదురుచూశాము.

ఇక చీకటి. మేముండే ఊరు 53 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. డిసెంబరు చివరలో పగలు ఏడున్నర గంటలే. పాప బడికి వెళ్ళేటప్పుడు చీకటే, మా వారు పని నుంచి వచ్చేటప్పటికీ చీకటే. మాకు బయట పనులుండేవి. అమ్మకు ఇల్లే లోకం. జనవరికల్లా అమ్మ మాటలు తగ్గాయి. పగలు కునుకు తీసేది, రాత్రి మేలుకునేది. అడిగితే "ఏం లేదే, ఒంట్లో బద్ధకం" అనేది. ఈ ఋతువుతో వచ్చే దిగులును 1984లో నార్మన్ రోజెంతాల్ అనే మనోవైద్యుని బృందం ఒక వ్యాధిగా వర్ణించిందని తరువాత చదివాను. అమ్మది అంత దూరం వెళ్ళలేదు కానీ, అటు వెళ్ళే దారిలోనే ఉందని అమ్మను చూసిన వైద్యురాలు అన్నారు. పొద్దుటి పూట ఒక అరగంట 10,000 లక్సుల (వెలుగును కొలిచే ప్రమాణం లక్సు) దీపం ఎదుట కూర్చోవచ్చని, వీలైనన్ని రోజులు బయటి వెలుగులో నడవాలని చెప్పారు. ఇంటి దీపాలు కొన్ని వందల లక్సులు దాటవు, మబ్బు పట్టిన పగలైనా బయట వేల లక్సుల వెలుగు ఉంటుంది. నేను ఇంట్లో అన్ని దీపాలూ వేసి, అమ్మకు లోటేమీ లేదనుకున్నాను. కూతురిగా అది నా తప్పు.

ఆ రోజుల్లోనే వంటగది గోడకు ఉన్న క్యాలెండరులో పెన్సిలుతో రాసిన అంకెలు నా కంటబడ్డాయి. వీధి చివర మైదానం అవతల పొద్దు గూకే వేళను అమ్మ రోజూ గడిలో రాస్తోంది. మబ్బుగా ఉన్న రోజు గడి ఖాళీ. డిసెంబరు రెండో వారంలో 4:14 దగ్గర నిలిచిన వేళ, 21వ తేదీకే 4:16 అయింది. "అన్నిటికన్నా పొట్టి పగలు ఇరవై ఒకటో తేదీ అన్నావు కదే, మరి పొద్దు అంతకు ముందే వెనక్కు తిరిగిందేం?" అని అడిగింది. నాకు జవాబు తెలియక వెతికి చదివాను. భూమి వాలు వల్ల, సూర్యుని చుట్టూ దాని దారి సరిగ్గా గుండ్రంగా లేనందువల్ల, ఆ రోజుల్లో నడిమధ్యాహ్నమే రోజుకు సుమారు అర నిమిషం చొప్పున ఆలస్యమవుతూ పోతుంది. అందుకే సాయంత్రం ముందుగా తేరుకుంటుంది, ఉదయం జనవరి దగ్గరపడేదాకా ఇంకా ఆలస్యమవుతూనే ఉంటుంది. నాకు తెలియని ఆకాశపు లెక్కను అమ్మ కిటికీలోంచి, ఒక పెన్సిలు ముక్కతో పట్టుకుంది. ఆ నెలంతా నాకు దొరికిన సంతోషం అదొక్కటే. పగలు పెరుగుతుంటే చలి ఇంకా ముదురుతుందేమని కూడా అడిగింది. నేల వచ్చే వేడికన్నా పోయే వేడే ఎక్కువగా ఇంకొన్ని వారాలు నడుస్తుందని, అందుకే జనవరి ఎముకలు కొరుకుతుందని చెప్పాను. ఫిబ్రవరి నడిమికి రోజుకు దాదాపు రెండు నిమిషాల చొప్పున వేళలు పెరగసాగాయి, అమ్మ రాత కూడా కాస్త నిటారైంది.

ఎండలు వచ్చాయి. పదిహేడు గంటల పగళ్ళు వచ్చాయి. వాయిదా వేసిన పనులన్నీ ఒక్కసారి మీద పడి, సగం కూడా తెమలకుండానే సెప్టెంబరులో ఆకులు పండి రాలడం మొదలైంది. అప్పటికీ అట్టపెట్టె మీదే కంచాలు పెట్టుకుని తింటున్నాము. ఇలాగైతే కుదరదని మా వారు ఆ రాత్రే అన్నారు. బల్ల అక్టోబరులో వచ్చింది. నేను మంచు పడుతున్న నవంబరులోనే కారు నేర్చుకోవడం మొదలుపెట్టాను. మంచులో బ్రేకు మెల్లగా తొక్కడం ముందుగా వస్తే మిగిలినది తేలికని నేర్పినాయన అన్నారు, అది నిజమైంది. అమ్మకు గ్రంథాలయం కార్డు డిసెంబరులో వచ్చింది. పక్కింటి పెద్దాయన, ఆయన భార్య మా ఇంటికి వచ్చిన సాయంత్రం బయట మైనస్ 24. వాళ్ళు కోట్లు ఏ వరుసలో విప్పాలో పాప పక్కన నిలబడి చెప్పింది.

మొన్న ఆ రెండో ఏటి క్యాలెండరును గోడ నుంచి తీసి దాస్తూ తిరగేశాను. నవంబరు గడుల్లో పొద్దు గూకిన వేళలు వరుసగా ఉన్నాయి. డిసెంబరులో వాటి పక్కనే "పాప స్కేటింగు", "పుస్తకాలు తిరిగి ఇవ్వాలి", "పంటి డాక్టరు" అని అమ్మ రాత చేరింది. నెల నడిమికి గడుల్లో ఖాళీ చాలక వేళలు మూలకు ఒదిగాయి. 19వ తేదీ తరువాత అవి ఎక్కడా లేవు. వేళలు రాయడం ఎందుకు మానేశావని అడిగాను. అమ్మ కళ్ళజోడు సవరించుకుని, క్యాలెండరు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. "మానలేదే, మరిచిపోయినట్టున్నాను. ఈసారి రాస్తాలే" అని, పాప బూట్లు తొడుక్కుని గుమ్మం దగ్గర పిలుస్తుంటే కోటు అందుకుంది.