బ్రాడీపేట మేడ గదిలో సబ్‌వూఫర్

గుంటూరులో ఇంట్లోనే స్టూడియో నడుపుకునే మిత్రులు తరచూ అడుగుతున్నారు, అయిదంగుళాల మానిటర్లు (పాటను సరిచూసుకునే స్టూడియో స్పీకర్లు) చాలవా, బేస్‌ను, అంటే బాగా కింది స్వరాలను మోగించే సబ్‌వూఫర్ కూడా కావాలా అని. మనం చేసే పాటలు ఎక్కడ మోగుతాయో తలచుకుంటే జవాబు దొరుకుతుంది. అయ్యప్ప పాట పడిపూజ పందిట్లో, క్రైస్తవ గీతం సువార్త సభల మైదానంలో, ఎన్నికల పాట ప్రచార వాహనం మీద. ఎక్కడ చూసినా మనిషెత్తు బాక్సులే. నా యమహా హెచ్‌ఎస్ 5 మానిటర్లు 54 హెర్ట్జ్‌కి వచ్చేసరికే 10 డెసిబెల్స్ పడిపోతాయి. బేస్ గిటారు లావు తీగ పలికేది 41 హెర్ట్జ్. అంటే ఆ స్వరం అడుగు నాకు దాదాపు వినపడదు. దానితో పాటు పలికే పై స్వరాలను, అంటే హార్మోనిక్స్‌ని బట్టి మెదడు పూరించుకుంటుంది, అంతే. వినపడనిదాన్ని దిద్దడం ఎవరి తరం? అందుకే అదే వరుసలోని హెచ్‌ఎస్ 8ఎస్ సబ్‌వూఫర్ తెచ్చుకున్నాను. అది 22 హెర్ట్జ్ దాకా దిగుతుంది.

అయితే పెట్టె కొన్నంత మాత్రాన పని కాదు, గది ఒప్పుకోవాలి. నాది 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉన్న మేడ గది. కప్పు ఎత్తు కూడా 10 అడుగులే. పొడవును బట్టి 47 హెర్ట్జ్ దగ్గర, వెడల్పును బట్టి 56 దగ్గర ఇలాంటి గది తనంతట తానే మోగుతుంది. ఎత్తు కూడా వెడల్పుతో సమానం కనుక 56 దగ్గర ఉబ్బు రెట్టింపు. అమెరికా వాళ్ళ వీడియోల్లోని సలహాలు మనకు యథాతథంగా పనికిరావు. అక్కడి చెక్క చట్రం, జిప్సం గోడల్లోంచి బేస్ కొంత బయటికి పోతుంది. మన ఇటుక గోడా సిమెంటు శ్లాబూ దాన్ని లోపలికే తిప్పికొడతాయి.

చోటు వెతకడానికి పాత పద్ధతే మేలు. సబ్‌ను నేను కూర్చునే కుర్చీ ఉండే చోట పెట్టి, మెట్లుమెట్లుగా దిగే బేస్ వరుస ఒకటి మోగించి, గోడల వెంట మోకాళ్ళ మీద పాకుతూ విన్నాను. మూలకు చేరితే కొన్ని స్వరాలు మీద పడతాయి, కాస్త జరిగితే అవే మాయమవుతాయి. అన్నీ సమానంగా వినపడిన చోటు ఎడమ మానిటర్‌కి లోపలి వైపు, ముందు గోడ పక్కన దొరికింది. సబ్ అక్కడికి చేరింది. క్రాసోవర్, అంటే మానిటర్లు వదిలి సబ్ అందుకునే హద్దు, 80 హెర్ట్జ్. అంతకన్నా కింది శబ్దం ఎటునుంచి వస్తోందో చెవి పోల్చుకోలేదు కనుక పెట్టె ఒక పక్కకు ఉన్నా ఇబ్బంది లేదు. తరువాత 80 హెర్ట్జ్ స్వరం పెట్టి సబ్ తరంగాన్ని తిరగేసే ఫేజ్ స్విచ్ అటూ ఇటూ మార్చి, ఎటు గట్టిగా వినపడితే అటే ఉంచాను. మూలల్లో నేల నుంచి కప్పు దాకా దూది మూటలు నిలబెట్టాను. పత్తికి పేరున్న ఊళ్ళో ఖరీదైన ఫోమ్ ఎందుకు? పైగా పలచటి ఫోమ్ బేస్‌ను ఆపలేదు.

ఆ మీదట 20 నుంచి 120 హెర్ట్జ్ దాకా ఒకే స్వరాన్ని నెమ్మదిగా పాకించాను. ఒక్కో చోట ఒక్కో వస్తువు పలికింది. ముందు కిటికీ గొళ్ళెం, తరువాత బీరువా తలుపు, ఆపైన మైకు స్టాండు మర. ఇంతలో కింది వాటా పిన్నిగారు మెట్లెక్కి వచ్చారు.

“ఏం నాయనా, మా స్టాండులో గిన్నెలు వాటంతటవే మోగుతున్నాయి!”

“రెండు నిమిషాలు ఓర్చుకోండి పిన్నిగారూ, అదెక్కడ మోగుతోందో పట్టుకుంటాను” అని ఆవిడ వంటింట్లోకి దిగి చూశాను. వరుసగా పెట్టిన స్టీలు పళ్ళేల అంచులు ఒకదానికొకటి తగిలి జివ్వుమంటున్నాయి. సబ్ అడుగున మందపాటి రబ్బరు షీటు, దాని మీద నాపరాయి వేశాక చాలావరకు తగ్గింది. రాత్రి 9 దాటాక సబ్ ఆపేస్తానని ఆవిడకు మాటిచ్చాను.

సబ్ పెట్టింది బేస్ పెంచడానికి కాదు. ఉన్నదాన్ని ఉన్నట్టు వినడానికి. నా లెక్క ప్రకారం పాట మధ్యలో అది ఉన్న సంగతే గుర్తు రాకపోతే మట్టం సరిగ్గా ఉన్నట్టు. మొన్న మృదంగం రికార్డు చేసేటప్పుడు ఆ తేడా బాగా తెలిసింది. ఎడమ మూత మీద తడి రవ్వ ముద్ద ఎండుతున్న కొద్దీ గుంకీ (ఎడమ చేత్తో పలికించే లోతైన నాదం) అడుగు పలచబడటం స్పీకర్లలోనే స్పష్టంగా వినపడింది. విద్వాంసుడితో చెబితే ఆయన వేలితో నీళ్ళు చిలకరించి మళ్ళీ వాయించారు. పాత రికార్డింగుల్లో దాక్కున్న 50 హెర్ట్జ్ కరెంటు హమ్మూ ఫ్యాను గుయ్యీ కూడా ఇప్పుడు బయటపడుతున్నాయి. గొంతు ట్రాకులకు కింది శబ్దాన్ని కోసేసే హైపాస్ ఫిల్టర్ ఎక్కడ వేయాలో ఊహించుకునే అవసరం పోయింది.

ఒక్క లోపం మిగిలింది. గది శబ్దాన్ని కొలిచే, ఉచితంగా దొరికే రూమ్ ఈక్యూ విజార్డ్ సాఫ్ట్‌వేర్‌తో కొలిస్తే 71 హెర్ట్జ్ దగ్గర లోతైన గుంట కనిపించింది. నా కుర్చీకి వెనక గోడ 4 అడుగుల దూరం. ఆ గోడను తాకి తిరిగొచ్చే తరంగం సరిగ్గా ఎదురుగా వచ్చి నేరుగా వచ్చేదాన్ని రద్దు చేస్తోంది. దీన్ని ఈక్యూతో (ఒక్కో స్వరం మోతాదు పెంచి తగ్గించే సాధనంతో) పూడ్చలేం, పెంచిన కొద్దీ రద్దయ్యేదీ పెరుగుతుంది. కుర్చీ ముందుకు జరపాలంటే బల్ల కిటికీకి అడ్డం వస్తుంది, కిటికీ లేకుండా గుంటూరు ఎండల్లో ఆ గదిలో కూర్చోలేం. కాబట్టి వెనక గోడకు అడుగు మందాన దూది పలకలు నిలబెట్టి మళ్ళీ కొలుస్తాను.