ముందు కోఆర్డినేట్లు చెప్పు

"మర్యాదలు తర్వాత. ముందు కోఆర్డినేట్లు చెప్పు. ఏ ఫిల్టరు, ఎన్ని సెకన్లు?"

ఫోనులో ఆయన అన్నది ఇంతే. గొంతు కూడా పెంచలేదు. నాకు మాత్రం చెంప చెళ్ళుమన్నట్టయింది. స్విఫ్ట్ ఉపగ్రహం గామా కిరణాల విస్ఫోటం ఒకదాన్ని, అంటే ఎక్కడో సుదూర ఆకాశంలో జరిగిన పేలుడుని, పట్టుకుని అదెక్కడుందో పంపింది. నేనేమో కోపెన్‌హాగన్‌లో. స్పెయిన్ వాళ్ళ లా పాల్మా దీవిలో, కొండ మీద ఆ రాత్రి టెలిస్కోపు ఆయనది. ఇలాంటివి వస్తే మధ్యలో దూరి టైము లాక్కునే హక్కు మా బృందానికుంది, ఓవర్‌రైడ్ అంటారు. హక్కుంది కదా అని పక్కవాడి విస్తట్లో చెయ్యి పెట్టేస్తామా? అందుకే "పనిలో ఉన్నట్టున్నారు, ఇబ్బంది పెడుతున్నానేమో" అని మొదలుపెట్టాను.

ఆయన తొందర నాకు అర్థం కాక కాదు. పేలుడు నుంచి దూసుకొచ్చిన పదార్థపు ధార, జెట్ అంటారు, చుట్టూ ఉన్న వాయువును గుద్దుకుంటుంది. ఆ తాకిడికి ఎలక్ట్రాన్లు అయస్కాంత క్షేత్రంలో గిరగిరా తిరుగుతూ వెలుగునిస్తాయి. ఆఫ్టర్‌గ్లో అంటే అదే. జెట్ నెమ్మదించే కొద్దీ అదీ తగ్గిపోతుంది. పది నిమిషాలప్పుడున్న వెలుగు వంద నిమిషాలకు సుమారుగా పదోవంతు. మొదట్లో పోయే నిమిషాలే ఖరీదైనవి, కాదనను.

అయినా ఒక మాట అడుగుతాను. మామూలు కాంతిలో మొట్టమొదటి ఆఫ్టర్‌గ్లో దొరికింది ఆ కొండ మీదే. 1997 ఫిబ్రవరి 28న విలియం హెర్షెల్ టెలిస్కోపు దాన్ని ఫొటో తీసేసరికి విస్ఫోటం జరిగి దాదాపు 21 గంటలైంది. మార్చి 8న మళ్ళీ చూస్తే బాగా వెలిసిపోయింది. 1967లో అమెరికా వాళ్ళ వేలా ఉపగ్రహాలకు తగిలినప్పటి నుంచి ఎక్కడివో అంతుచిక్కక ముప్పై ఏళ్ళు ఏడిపించిన ఈ విస్ఫోటాలు అలా పట్టుబడ్డాయి. అప్పుడు 21 గంటలు ఆగిన వెలుగు, నా రెండు మంచిమాటలకు ఆగదా?

లడఖ్‌లో హాన్లేలోని హిమాలయన్ చంద్ర టెలిస్కోపుని బెంగళూరు దగ్గర హోసకోటెలో కూర్చునే నడుపుతారు. మా స్నేహితురాలు అక్కడ పరిశీలనలు చేస్తుంటుంది. ఇలాంటి ఏర్పాటు అక్కడా ఉంది. కానీ తన టైము పోతే "నా రాత్రే దొరికిందిటే నీకు?" అని కాసేపు సాధించి గానీ వదలదు. అరగంటకు తనే ఫోను చేసి "ఏమే, కనబడిందా?" అంటుంది. ఇక్కడ సాధింపూ లేదు, ఆరా లేదు. రూలుంది కాబట్టి ఇచ్చారు, రూలుంది కాబట్టి తీసుకున్నాం, చెల్లుకు చెల్లు. ఎవరూ ఎవరికీ ఋణపడక్కర్లేదు. పని చకచకా సాగుతుంది, నిజమే. కానీ ఎవరిదో రాత్రి తీసుకుని, దానికి థాంక్స్ కూడా వద్దంటే, ఆ బరువు నేనెక్కడ దింపుకోను?

ఆయన తన ఎక్స్‌పోజరు సగంలో ఆపేసి మరీ టెలిస్కోపు తిప్పారు. మొదటి ఫ్రేము మా సర్వర్లోకి దిగగానే పాత సర్వే బొమ్మ పక్కన పెట్టి చూశాం. ఇందులోనే ఎక్కడో ఉందని స్విఫ్ట్ ఎక్స్‌రేలో చూసి ఇచ్చిన సున్నా లోపల, పాత బొమ్మలో లేని చుక్క ఒకటి. చివరి ఫ్రేములకొచ్చేసరికి బాగా నీరసించిపోయింది.

మిగతా ఖగోళ శాస్త్రవేత్తలకు కబురందించే సర్క్యులర్‌లో పరిశీలకుల వరసలో ఆయన పేరు కూడా రాశాను. "అవసరం లేదు, ఆ టైము మీ బృందానిదే" అని మెయిలు పెట్టారు. నేను తీసెయ్యలేదు.