బడి గేటు బయట ఆగవలసిన జీపు

గత నెల మా కాలనీకి దగ్గరలోని ఒక ఉన్నత పాఠశాలలో తల్లిదండ్రుల సమావేశం జరిగితే, విశ్రాంత ప్రధానోపాధ్యాయుడినన్న గౌరవంతో నన్నూ పిలిచారు. కర్నూలులో స్థిరపడిన తరువాత ఇలాంటి పిలుపు వస్తే నేను కాదనను. పిల్లలు సెల్‌ఫోన్లు తెస్తున్నారని, పై తరగతుల వాళ్లు ఉపాధ్యాయులకు ఎదురు మాట్లాడుతున్నారని, సాయంత్రం బడి వదిలాక గుంపులుగా కొట్టుకుంటున్నారని ఒకరి తరువాత ఒకరు చెప్పారు. చివరకు ఒక తండ్రి లేచి, వారానికి రెండు రోజులైనా ఒక కానిస్టేబుల్‌ను బడిలో ఉంచమని పోలీసులకు అర్జీ పెడదామన్నారు. చేతులెత్తమంటే దాదాపు అందరూ ఎత్తారు, ఉపాధ్యాయులలోనూ సగం మంది ఎత్తారు. నేను ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదో చెప్పాలంటే నేను చేసిన ఒక పనిని ముందు చెప్పాలి, అంతమందిలో అది చెప్పడానికి నాకు నోరు రాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

2017లో నేను ఆదోని డివిజన్‌లోని ఒక పల్లె బడిలో ప్రధానోపాధ్యాయుడిని. ఆ ప్రాంతం తెలిసినవారికి వలసల గురించి వేరే చెప్పనక్కరలేదు. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు పల్లెల నుంచి దీపావళి దాటితే చాలు, కుటుంబాలు పత్తి తీతకూ ఆ తరువాత మిరప కోతకూ గుంటూరు వైపు బండెక్కుతాయి. పిల్లలలో కొందరు వెంట వెళతారు, కొందరు అవ్వ దగ్గర మిగులుతారు. మా తొమ్మిదో తరగతిలో ఒక అబ్బాయి అలా చాలా ఏళ్లు వెంట వెళ్లి, ఆ ఏడాది మాత్రం ఎలాగైనా చదవాలని అవ్వ పట్టుబట్టడంతో ఊళ్లో ఉండిపోయినవాడు. నవంబరులో ఒకరోజు తరగతిలో పుస్తకం విసిరికొట్టి, కిటికీ అద్దం పగలగొట్టాడు. గాజు పెంకు తగిలి ఇంకొక పిల్లవాడి చేయి తెగింది. ఆ పిల్లవాడి బంధువులు పదిమంది బడి మీదికి వచ్చారు. నేను కంగారుపడి ఎస్సైగారికి ఫోన్ చేశాను.

ఆయన వయసులో చిన్నవాడు, మంచివాడు. మరునాడు ఉదయం ప్రార్థన వేళకు జీపులో వచ్చి, ఆ అబ్బాయిని ముందుకు పిలిచి నిలబెట్టి, చదువు విలువ గురించి పావుగంట మాట్లాడారు. వేలితో కూడా తాకలేదు. ఇంకోసారి ఇలా చేస్తే స్టేషన్‌లో కూర్చోబెడతానని మాత్రం అన్నారు. ఆ తరువాత రెండు వారాలు బడి ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, ఈ పని ముందే చేసి ఉండవలసిందని నేను తోటి ఉపాధ్యాయులతో అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది. ఎందుకంటే ఆ అబ్బాయి మూడో రోజు నుంచి బడికి రాలేదు, మేమెవరమూ పట్టించుకోలేదు. నెలాఖరులో అవ్వ వచ్చింది. “సారూ, మావోడు గుంటూరు లారీ ఎక్కిపోయినాడు. అందరూ టేసను కేసు, టేసను కేసు అంటాండారంట. వానికి తలకాయ ఎత్తుకోనీకి కాలేదు” అంది. అప్పుడు గానీ నేను తరగతి పిల్లలను కూర్చోబెట్టి అసలేం జరిగిందో అడగలేదు. ఏటా మూడు నాలుగు నెలలు బడికి దూరమై, తొమ్మిదికి వచ్చినా పాఠం గడగడా చదవలేని పిల్లవాడిని లేపి చదవమంటే, వాడు కూడబలుక్కుంటుంటే తరగతి మొత్తం నవ్విందట. పుస్తకం విసిరింది అందుకు. రోజుకు అరగంట పక్కన కూర్చోబెట్టుకుని చదివిస్తే తీరిపోయే ఇబ్బందికి నేను జీపును పిలిపించాను.

ఆ ఎస్సైగారిని నేను తప్పుపట్టను. ఆయన తనకు తెలిసిన పద్ధతిలో సాయం చేశారు. తప్పు ఫోన్ చేసినవాడిది. ఉపాధ్యాయుడి మాట పిల్లవాడు వినడానికి కారణం, రేపు కూడా ఇదే మనిషి ముందు కూర్చోవాలనే ఎరుక, ఈ మనిషికి నా సంగతి తెలుసుననే నమ్మకం. తరగతిలో తప్పు జరగగానే బయటి నుంచి ఒక అధికారిని పిలిచామంటే, నా మాట ఇక్కడ చెల్లదని నేనే పిల్లలందరి ముందు ఒప్పుకున్నట్టు.

చట్టం ఈ విషయంలో మనకంటే ఎక్కువ జాగ్రత్తగా ఆలోచించింది. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం ప్రతి పోలీస్ స్టేషన్‌లోనూ ఏఎస్సై స్థాయికి తగ్గని ఒక బాలల సంక్షేమ పోలీసు అధికారి ఉండాలి. జిల్లాకొక ప్రత్యేక బాలల పోలీసు విభాగం ఉండాలి, అందులో ఇద్దరు సామాజిక కార్యకర్తలు, వారిలో ఒకరు మహిళ అయి ఉండాలి. 2016 నమూనా నియమాల ప్రకారం, పిల్లలతో వ్యవహరించే పోలీసు వీలైనంత వరకు యూనిఫాం లేకుండా మామూలు బట్టల్లో ఉండాలి. చిన్న నేరాలకు ఎఫ్ఐఆర్ కూడా కట్టరాదు. చట్టంతో ఘర్షణ పడిన పిల్లవాడి పేరే కాదు, అతడి బడి పేరు కూడా పత్రికల్లో రాకూడదని 74వ సెక్షన్ చెబుతుంది. నిజంగా నేరం చేసిన పిల్లవాడి పేరునే ఇంత భద్రంగా దాచమంటుంటే, అద్దం పగలగొట్టినవాడిని బడి మొత్తం ముందు ఖాకీ బట్టల పక్కన నిలబెట్టడానికి మనకు ఏం హక్కు ఉంది?

మన సీమలో ఖాకీకి ఒక వేరే చరిత్ర కూడా ఉంది. 1990ల తొలినాళ్లలో నేను పనిచేసిన ఒక ఫ్యాక్షన్ పల్లెలో పోలీసు పికెట్‌కు బడిలోనే రెండు గదులు ఇచ్చారు. తుపాకులు గోడకు ఆనించి ఉండేవి, పక్క గదిలో మేము ఎక్కాలు చెప్పేవాళ్లం. కానిస్టేబుళ్లు పిల్లలతో ఆడుకునేవారు, మరమరాలు కొనిపెట్టేవారు. అయినా ఏదో ఒక రాత్రి ఆ పిల్లలలో ఎవరి నాన్ననో ఎక్కించుకుని వెళ్లింది ఆ జీపే కదా. మరునాడు ఆ పిల్ల బడికి వస్తే ఎవరి వైపు చూడాలో తెలియక పలక వైపే చూస్తూ కూర్చునేది. పోలీసంటే రక్షణ అని పాఠంలో చెప్పడం నాకు ఇంకే ఊళ్లోనూ అంత కష్టం కాలేదు.

చేతులెత్తిన ఉపాధ్యాయుల బాధ నాకు తెలియనిది కాదు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. అది నిషేధించవలసినదే. చేతులు తాడుకు కట్టి వేలాడదీసే కోదండం వేయడం, ఎండలో మోకాళ్ల మీద నిలబెట్టడం చూసిన తరం మాది, అవి తిరిగి రావాలని నేను ఏనాడూ కోరను. కానీ బెత్తం లాగేసుకున్నవారు దానికి బదులుగా మా చేతికి ఏమీ ఇవ్వలేదు. అరవై మంది ఉన్న తరగతి అలాగే ఉంది. వ్యాయామ ఉపాధ్యాయుడి పోస్టు ఖాళీ అయితే నింపడానికి ఏళ్లు పట్టేది. పిల్లల మనసు తెలిసి మాట్లాడే కౌన్సెలర్ అనేవారిని నా సర్వీసులో ఏ ప్రభుత్వ బడిలోనూ చూడలేదు. 2025 మార్చిలో విజయనగరం జిల్లాలో ఒక ప్రధానోపాధ్యాయుడు పిల్లల ముందు తానే గుంజీలు తీసిన వీడియో రాష్ట్రమంతా చూసింది. చాలామంది మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఆ మనిషి ఒంటరితనమే కనిపించింది. ఆ ఒంటరితనం నుంచే కానిస్టేబుల్ కావాలనే కోరిక పుడుతోంది. అడగవలసింది కౌన్సెలర్‌నీ, వ్యాయామ ఉపాధ్యాయుడినీ అయినప్పుడు, దగ్గరలో స్టేషన్ ఉంది కదా అని పోలీసును అడుగుతున్నాం.

బడుల్లో పోలీసులను శాశ్వతంగా ఉంచిన అమెరికాలో 2015 అక్టోబరులో జరిగిన ఒక సంఘటన చదివాను. దక్షిణ కరోలినాలో ఒక అమ్మాయి తరగతిలో ఫోన్ పక్కన పెట్టలేదు, బయటకు వెళ్లమంటే వెళ్లలేదు. పిలిపించిన పోలీసు ఆమెను కుర్చీతో సహా వెనక్కి పడదోసి ఈడ్చాడు. అతడి ఉద్యోగం పోయింది. మొదలైంది ఒక సెల్‌ఫోన్‌తో. మన సమావేశంలో మొదటి ఫిర్యాదు కూడా అదే.

అలాగని పోలీసులకు బడితో పని లేదని నేను అనను, చాలా పని ఉంది. విద్యాసంస్థకు 100 గజాల లోపల పొగాకు ఉత్పత్తులు అమ్మరాదని 2003 చట్టం చెబుతున్నా, సమావేశం జరిగిన ఆ బడి గేటు ఎదురుగానే ఒక బంకులో గుట్కా పొట్లాలు దొరుకుతున్నాయి. పిల్లలకు మద్యం గానీ పొగాకు గానీ ఇచ్చినవారికి బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఆదోని వైపు తుంగభద్ర దాటితే కర్ణాటక కనుక అక్కడి మద్యం పొట్లాలు మన పల్లెలకు ఎలా చేరుతున్నాయో కూడా అందరికీ తెలుసు. పద్నాలుగేళ్లవాడు బండి నడిపితే, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం బాధ్యుడిగా చూసేది తండ్రిని లేదా బండి యజమానిని. ఆడపిల్లను ఎవరైనా వేధిస్తే, అది ఉపాధ్యాయుడే అయినా సరే, పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం కింద స్టేషన్‌కు చెప్పి తీరాలి, బడిలో రాజీ కుదర్చడానికి ఎవరికీ అధికారం లేదు. ఈ పనులన్నిటిలో పోలీసు ఎదుర్కోవలసింది పెద్దవాళ్లను. 2010లో కేరళలో మొదలై 2018లో దేశమంతటికీ వచ్చిన స్టూడెంట్ పోలీస్ క్యాడెట్ పథకం కూడా నాకు నచ్చుతుంది, ఎందుకంటే అందులో పిల్లవాడు తప్పు చేసినవాడిగా కాక నేర్చుకునేవాడిగా పోలీసు ముందు నిలబడతాడు.

ఆ సమావేశపు తీర్మానం ఇంకా స్టేషన్‌కు చేరలేదని ప్రధానోపాధ్యాయురాలు చెప్పారు. ఈ శనివారం వెళ్లి, ఈ రాతను ఒక ప్రతి తీయించి ఆమెకు ఇస్తాను. అర్జీలో ‘పాఠశాల ఆవరణలో’ అన్న మాట కొట్టివేసి ‘పాఠశాల గేటు ఎదుటి రోడ్డు మీద, సాయంత్రం బడి వదిలే వేళ’ అని రాయమని అడుగుతాను. తొమ్మిదో తరగతిలో చదవడం రాని పిల్లలు ఎంతమంది ఉన్నారో ఆమె లెక్క తీసి ఉంచుతానన్నారు. వాళ్లకు సోమవారం నుంచి రోజూ సాయంత్రం ఒక గంట నేను వచ్చి చెబుతానని ఒప్పుకున్నాను.