పలక మీద రేటు

పదకొండు దాటింది. ఆయన టీవీ కట్టేసి పడుకున్నారు. నాకు మాత్రం గైడు పుస్తకంలోని ఆ ఒక్క వాక్యం మింగుడు పడటం లేదు.

పెద్దదానికి ఎల్లుండి ఎకనామిక్స్ పరీక్ష. గేమ్ థియరీ, అంటే అవతలివాడు ఏం చేస్తాడో ఊహించి మన ఎత్తు వేసుకునే పాఠం, నాకు అప్పజెప్తానని కూర్చుంది. లెక్క చిన్నదే. ఎదురెదురుగా రెండు కొట్లు. ఇద్దరూ రేటు తగ్గించకపోతే చెరో 10 వేలు లాభం. ఇద్దరూ తగ్గిస్తే చెరో 6 వేలు. ఒక్కడే తగ్గిస్తే వాడికి 14, రెండోవాడికి 3. నాలుగు గడులు గీసి, ఒక నిలువు వరసని స్కేలుతో మూసింది. "అవతలివాడు తగ్గించలేదనుకో అమ్మా. నేను తగ్గిస్తే 14, లేకపోతే 10. తగ్గిస్తాను." స్కేలు పక్కకి జరిపింది. "వాడూ తగ్గించాడనుకో. తగ్గిస్తే 6, లేకపోతే 3. అప్పుడూ తగ్గిస్తాను." అవతలివాడి లెక్కా అదే కాబట్టి ఇద్దరూ 6, 6 గడిలో ఆగుతారు. తానొక్కడే కదిలితే తనకే నష్టం. అమెరికా గణిత శాస్త్రవేత్త జాన్ నాష్ 1950లో రాసింది ఈ ఆగిపోయే చోటు గురించే. 1994లో నోబెల్ వచ్చింది దానికే.

ఇంతవరకూ ఎంత చక్కగా చెప్పిందో! కింద గైడువాడి ముగింపు చదివింది: "కావున ఇది రెండు సంస్థలకూ అత్యుత్తమ ఫలితం."

అత్యుత్తమం ఎలా అవుతుంది? పక్క గడిలో 10, 10 కనబడుతూనే ఉంది కదా! ఇద్దరూ తెలివిగా ఆలోచించి కూడా ఇద్దరూ నష్టపోతారన్నదే ఈ లెక్కలో ప్రాణం. అది తీసేస్తే మిగిలేది గడుల్లో గీతలు గీయడమే. అదే మాట అంటే, "గైడులో ఉన్నట్టు రాస్తేనే మార్కులమ్మా, మా మేడమ్ కూడా అలాగే చెప్పింది" అంది. అక్కడే ఒళ్ళు మండింది. అర్థమైన పిల్ల చేత అర్థం కానట్టు రాయించడం ఏం చదువు? గొంతు పెంచాను కూడా. అది మాట్లాడకుండా పుస్తకం మూసేసింది.

ఆ 6, 6 గడిలో నేను బతికాను. నేను ఏడో తరగతిలో ఉండగా నాన్న కిరాణా కొట్టుకి ఎదురుగా ఇంకొకాయన కిరాణా కొట్టు పెట్టారు. మేం ఆయన్ని బాబాయి అనేవాళ్ళం. రెండు కొట్ల ముందూ పలక, దాని మీద సుద్దముక్కతో కందిపప్పు రేటు. పొద్దున్నే నాన్న నా చేతిలో పావలా పెట్టేవారు. బలపం కొన్నట్టు వెళ్ళి బాబాయి పలక మీద ఎంతుందో చూసి రావాలి. నేను వచ్చి చెప్పగానే నాన్న తడిగుడ్డతో పలక తుడిచి అర్ధరూపాయి తగ్గించి రాసేవారు. కాసేపటికి వాళ్ళబ్బాయి మా కొట్టుకి వచ్చేవాడు, బలపానికే. నెల తిరిగేసరికి మా పెన్సిల్ డబ్బా నిండా బలపాలు, గల్లాపెట్టె మాత్రం ఖాళీ. పప్పు తెచ్చిన ధర కన్నా తక్కువకి అమ్ముతున్నారని అమ్మ ఏడ్చింది. సరుకు ఒకటే, పోటీ రేటులోనే అయితే లాభం అంతా కరిగి ధర ఖర్చు దగ్గరికి దిగుతుందని ఫ్రెంచి గణిత శాస్త్రవేత్త బెర్‌ట్రాండ్ 1883లోనే చెప్పాడట. నాన్న ఖర్చు కూడా దాటి కిందికి దిగిపోయారు.

ఒక సాయంత్రం బాబాయి కొట్టు కట్టేసి మా అరుగు మీద కూర్చున్నారు. అమ్మ టీ ఇచ్చింది. మర్నాటి నుంచి రెండు పలకల మీదా ఒకటే రేటు. రోజూ ఎదురుపడేవాళ్ళు ఈ ఆటని ఒక్కసారి ఆడి వదిలేయరు. ఇవాళ దెబ్బ కొడితే రేపు దెబ్బ తినాలి. అందుకే 10, 10 నిలబడింది. ఇదే పెద్దదానికి చెబుదామని లేచాను. ఇన్నాళ్ళూ నా మనసులో ఆ సాయంత్రం మా ఇంటి పండగే.

గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయాను. కూలికెళ్ళే ఒకావిడ రోజూ పావుకిలో పప్పు కొనేది, రెండు పలకలూ చూసుకుని, ఏది తక్కువైతే అక్కడ. ఆ మర్నాడు అటూ ఇటూ తిరిగి, "రెండు కొట్లలోనూ ఒకటే రేటా పాపా?" అని నన్నడిగింది. కొంగుముడి విప్పి చిల్లర లెక్కపెట్టుకుని, సరిపోక, సగమే కట్టించుకుంది. ఆ పొట్లానికి దారం చుట్టింది నేనే. వ్యాపారులు ఇలా కూడబలుక్కుని రేటు కట్టడం 2002 కాంపిటిషన్ చట్టం ప్రకారం తప్పు. మా అరుగు మీద జరిగింది అదే కదా! గైడువాడి వాక్యం తప్పే, అందులో నా మాట మారదు. కానీ 10, 10ని అత్యుత్తమం అనడానికి కూడా ఇప్పుడు నోరు రావడం లేదు. ఆవిడకి మంచి గడి 6, 6.

పెద్దది నిద్రపోయింది. దాని కాగితం నా ముందుంది. ప్రతి గడిలోనూ రెండంకెల పక్కన ఇంకొకదానికి చోటు గీసి "కొనేవాళ్ళు" అని రాశాను. అప్పట్లో పావుకిలో మీద ఆవిడకి ఎంత తేడా పడిందో నాన్నకి గుర్తుండే ఉంటుంది. పొద్దున్నే ఫోన్ చేసి అడగాలి.