పర్లాకిమిడి మెడ బిళ్ళ

పర్లాకిమిడిలో ముక్క పరీక్షలు చేసే నా చిన్న ప్రయోగశాలకు గత వేసవిలో అరవై దాటిన ఒక అవ్వ మెడలో వాచిన బిళ్ళ నుంచి కోసిన ముక్క వచ్చింది. మామూలు రంగులు వేసి చూస్తే, అది లింఫ్ గ్రంథిలోనే పుట్టిన క్యాన్సరో, మరోచోట పుట్టి అక్కడికి చేరినదో తేలలేదు. ఆ రెండింటికీ చికిత్స పూర్తిగా వేరు కనుక, యాంటీబాడీ పరీక్షకు ఆ ముక్కను పొదిగిన మైనం దిమ్మను విశాఖపట్నం పంపాను.

యాంటీబాడీ తనకు సరిపడిన ప్రొటీన్‌కే అతుక్కుంటుంది. దాని వెంట చేర్చిన ఎంజైము, డాబ్ అనే రసాయనాన్ని గోధుమరంగుగా మార్చి, ఆ ప్రొటీన్ ఉన్న చోటును కంటికి చూపుతుంది. కోలర్, మిల్‌స్టైన్ అనే శాస్త్రవేత్తలు 1975లో ఒకే తీరు యాంటీబాడీలను కావలసినంత తయారు చేసే మార్గం కనుగొన్నందువల్లే ఈ పని నేడు ఇంత నమ్మకంగా సాగుతోంది.

తిరిగొచ్చిన గాజు పలకల మీద ఎక్కడా గోధుమరంగు లేదు. క్యాన్సర్ కణాల సంగతి అటుంచి, తెల్లరక్తకణాల మీద ఉండే సీడీ45 అనే ప్రొటీన్‌కు తప్పక రంగు పట్టవలసిన మామూలు లింఫోసైట్లు సైతం నీలంగానే మిగిలాయి. అవి రంగుతో పలకనప్పుడు ‘లేదు’ అన్న ఫలితానికి విలువ లేదు. విచారిస్తే, ముక్కను చెడకుండా నిలిపే ఫార్మలిన్‌లో కాక రాత్రంతా సెలైన్ అనే ఉప్పునీటిలో ఉంచారని తెలిసింది. "డాక్టరమ్మా, మా అమ్మకు మళ్ళీ కత్తి పెట్టాలా?" అని ఆమె కొడుకు అడిగినప్పుడు నాకు కోపమూ దుఃఖమూ కలిసి వచ్చాయి. అప్పటి నుంచి పది శాతం ఫార్మలిన్ నింపిన సీసాలను, కోసిన వేళ రాయడానికి చీటీ అంటించి, నేనే ముందుగా పంపుతున్నాను.

రెండవ ముక్కలో లింఫోసైట్లు సీడీ45కు చక్కగా పలికాయి. వాటి నడుమనున్న పెద్ద కణాలు మాత్రం దానికి పలకక, కెరటిన్ అనే ప్రొటీన్‌కు ఒళ్ళంతా, పి40 అనే మరో ప్రొటీన్‌కు కేంద్రకంలో ముదురు గోధుమరంగు పట్టాయి. అంటే అవి చర్మానికీ నోటి లోపలికీ పొరగా ఉండే పొలుసుల కణాల జాతివి, వేరేచోటి నుంచి వచ్చినవి. ఎక్కడి నుంచన్నది ఆ రంగు చెప్పదు. అవ్వను పిలిపించి నోరు తెరవమంటే అంగిట్లో చిన్న పుండు కనిపించింది. పెళ్ళయిన నాటి నుంచి చుట్ట నిప్పును నోట్లోకి తిప్పి అడ్డపొగ తాగుతున్నానని ఆమె చెప్పింది.