రెండున్నర లక్షల్లో ముప్పై

హైదరాబాద్, బుధవారం రాత్రి

పొద్దున రక్తం ఇచ్చిన పెద్దమ్మ అడిగిన మాట ఇంకా చెవిలోనే ఉంది. ఆకుపచ్చ మూతల ట్యూబులు రెండు నిండాయి, మొత్తం 20 మిల్లీలీటర్లు. మోచేతి దగ్గర దూది అదిమి పట్టుకుని వాటివంక చూస్తూ, "గింత నెత్తురు తీస్తివి బిడ్డా, గిండ్ల ఏం దొర్కుతది?" అంది.

మూడు నెలల కింద ఆమె భర్తకు టీబీ అని తేలింది. ఆయన మందులు వాడుతున్నాడు. ఒకే గదిలో కలిసి ఉంటున్నారు కాబట్టి ఆ క్రిమి ఆమె ఒంట్లోకి కూడా వెళ్లిందా అన్నదే మాకు తెలియాల్సింది. "టీబీ క్రిమిని ఇంతకుముందే చూసిన కణాలు మీ రక్తంలో ఉన్నాయేమో వెతుకుతాం పెద్దమ్మా" అని చెప్పాను. కాసేపు ఆలోచించి, "సూసింది యాదుంటదా వాటికి?" అని అడిగింది. ఉంటుందన్నాను. మా పని గురించి ఇంత సూటిగా ఎవరూ అడగలేదు నన్ను.

లేచి వెళ్లబోతూ మూడేళ్ల మనవడి సంగతి ఎత్తింది. వాడికీ రక్తం తీస్తారేమోనని భయం. అయిదేళ్ల లోపు పిల్లలకైతే ఈ పరీక్ష కోసం ఆగరు. జబ్బు లేదని డాక్టరు చూసి నిర్ధారించాక నివారణ మాత్రలు మొదలుపెట్టేస్తారు. వాడికి ఇప్పటికే ఇస్తున్నారని నర్సక్క చెప్పింది. ఆ మాట విన్నాకే పెద్దమ్మ ముఖం తేటపడింది.

తొమ్మిదింపావుకి తీసిన రక్తం పదిన్నరకల్లా నా బల్ల మీదికి చేరింది. రక్తం బయటికొచ్చాక అందులోని కణాలు ఎక్కువసేపు ఓపిక పట్టవు. అందుకే ఈ రోజుల్లో నా టీ, టిఫిను అన్నీ ఆ ట్యూబుల తర్వాతే. రక్తాన్ని సెలైన్‌తో పలుచన చేసి, ఫైకాల్ అనే చిక్కటి ద్రవం మీద ట్యూబు వాల్చి పట్టుకుని అంచు వెంట మెల్లగా జార్చాలి. రెండూ కలవకూడదు. తర్వాత గిర్రున తిప్పే సెంట్రిఫ్యూజ్‌లో అరగంట, బ్రేక్ తీసేసి. మొదటి ఏడాది ఒకసారి బ్రేక్ తీయడం మరిచిపోయాను. చక్రం ఒక్క కుదుపుతో ఆగి పొరలన్నీ కలిసిపోయాయి. ఒక మనిషి నా కోసం సూది గుచ్చించుకున్నాడు, ఆ రక్తం వృథా అయింది. ఆ రోజు నుంచి బటన్ నొక్కేముందు రెండుసార్లు చూసుకుంటాను.

అరగంటయ్యాక ట్యూబు తీస్తే అడుగున ఎర్రగా, పైన గడ్డిరంగులో ప్లాస్మా, మధ్యలో పాలమీద తొరక కట్టినట్టు సన్నటి తెల్లటి పొర. నాకు కావలసినదంతా ఆ పొరలోనే ఉంటుంది. దాన్ని పైపెట్‌తో తీసి, కడిగి, ట్రిపాన్ బ్లూ వేసి మైక్రోస్కోపు కింద లెక్కపెట్టాను. చచ్చిన కణాలు నీలంగా మారతాయి, బతికినవి మెరుస్తూ గుండ్రంగా కనబడతాయి. ఇవాళ నీలం చాలా తక్కువ. రెండు కోట్లకు కాస్త తక్కువగా బతికున్న కణాలు దొరికాయి.

కష్టమంతా ఇక్కడే ఉంది. టీ కణాలంటే క్రిముల్ని గుర్తుపట్టే ఒక రకం తెల్ల రక్తకణాలు. టీబీని గుర్తుపట్టే టీ కణం, జలుబు వైరస్‌ను గుర్తుపట్టే టీ కణం పక్కపక్కన ఉంటే ఏది ఏదో మైక్రోస్కోపుకి తెలియదు. రెండూ ఒకేలా ఉంటాయి. 1996లో స్టాన్‌ఫర్డ్‌లో ఆల్ట్‌మన్, డేవిస్ బృందం టెట్రమర్ అనే ఉపాయం కనిపెట్టింది. యాంటిజెన్ ముక్కను, అంటే టీ కణం గుర్తుపట్టే క్రిమి ముక్కను, పట్టుకున్న నాలుగు అణువులను ఒక్కటిగా కట్టి, రంగు తగిలించి వదిలితే సరైన కణానికే అతుక్కుంటుంది. గొప్ప పద్ధతి. కానీ ఒక్కో టెట్రమర్ ఒక్కో హెచ్‌ఎల్‌ఏ రకానికే (కణాల మీద ఉండే, మనిషిని బట్టి మారే ప్రోటీను అది) పనికొస్తుంది, మా దగ్గరికొచ్చేవాళ్లలో ఆ రకాలు ఎన్నో. అందుకని మేం ఎలిస్పాట్ చేస్తాం. అంటే కణాన్ని పట్టుకోవడం కాదు, దాన్ని పలకరించి బదులు చెప్పేదాకా కాచుకోవడం.

చిన్న చిన్న గుంటలున్న ప్లేటులో ఒక్కో గుంటకి రెండున్నర లక్షల కణాలు వేస్తాను. ఒక గుంటలో ఉత్త మీడియం, అంటే కణాల్ని బతికించే ద్రవం మాత్రమే. ఇంకో రెండింటిలో ఈశాట్-6, సీఎఫ్‌పీ-10 అనే టీబీ క్రిమి ప్రోటీన్ల ముక్కలు. బీసీజీ టీకాలో ఉండే క్రిమిలో ఈ రెండూ ఉండవు. మన దగ్గర పుట్టగానే బీసీజీ వేయించుకున్నవాళ్లే ఎక్కువ కదా, చేతిమీద పొడిచే పాత మాంటూ పరీక్ష టీకాకి కూడా పొంగే అవకాశం ఉంది. ఈ ప్రోటీన్లకు ఆ తికమక లేదు. నాలుగో గుంటలో పీహెచ్‌ఏ. ఇది రాజ్మా గింజల నుంచి వచ్చే పదార్థం, దాదాపు ఏ టీ కణాన్నయినా తట్టి లేపుతుంది. అక్కడ కూడా ఉలుకూ పలుకూ లేకపోతే కణాలే బాగాలేవని అర్థం, మిగతా గుంటల్ని నమ్మకూడదు.

మధ్యాహ్నం నిన్నటి ప్లేటు తీశాను. అది వేరే ఇంటి మనిషిది, నాకు తెలిసింది నంబరు మాత్రమే. రంగు పోసి చూస్తూ కూర్చుంటే తెల్లటి పొర మీద ఒక్కో చుక్క నేరేడుపండు రంగులో తేలింది. బదులు చెప్పిన కణం ఒక్కోదానికీ ఒక చుక్క. ఉత్త మీడియంలో ఒకటే. ఈశాట్-6 గుంటలో ముప్పై ఒకటి. ఆ ఒకటి తీసేస్తే ముప్పై, అంటే ఎనిమిది వేల పైచిలుకు కణాల్లో ఒకటి. పీహెచ్‌ఏ గుంట లెక్కకందనంత నిండిపోయింది.

ఒక చుక్కను లెన్సు కింద పెద్దది చేసి చాలాసేపు చూశాను. నడుమ చిక్కగా, అంచుల దగ్గర పొగలా పలుచబడి ఉంది. ఒక కణం అక్కడ కూర్చుని, తనకు తెలిసిన ముక్క ఎదురవగానే ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేత ప్రోటీనును చుట్టూ వదిలింది. గుంట అడుగున ముందే అంటించిన యాంటీబాడీ దాన్ని ఎక్కడిదక్కడే పట్టేసింది. ఆ కణం ఇప్పుడు అక్కడ లేదు, పొద్దున కడిగేశాను. అది చెప్పింది మాత్రం అలాగే ఉంది.

ఈ పరీక్ష క్రిమి సోకిందని చెబుతుందే తప్ప జబ్బు ఉందని కాదు. దానికి ఎక్స్‌రే, కళ్లె పరీక్ష కావాలి. సోకినవాళ్లలో నూటికి అయిదు నుంచి పది మందికే ఎప్పుడో ఒకప్పుడు జబ్బుగా మారుతుంది. ఈ తేడాని పెద్దమ్మకి డాక్టరుగారు నెమ్మదిగా, ఆమె భాషలోనే చెప్పాలని నా కోరిక. ఫలితం కాగితంతో పాటు ఈ మాట కూడా రాసి పంపుతాను.

ఆరున్నరకి పెద్దమ్మ ప్లేటు ఇంక్యుబేటర్‌లో పెట్టాను. 37 డిగ్రీలు, 5 శాతం కార్బన్ డయాక్సైడ్. రాత్రంతా కదలకూడదు. కణం జరిగితే చుక్క తోకచుక్కలా సాగిపోతుంది, లెక్క చెడుతుంది. ఆ అర మీద ఇంకేమీ పెట్టకుండా ఖాళీ చేసి, తలుపు మీద "కదపకండి, రేపు 10:30 వరకు" అని రాసి అంటించాను. తలుపు మూసేటప్పుడు చప్పుడు కాకుండా చేత్తో పట్టుకుని మూశాను.