పక్కకు జరిగిన గడ్డం

ఏడేళ్ల వయసులో తీసిన నా ఫోటోల్లో గడ్డం ముక్కుకు సూటిగా ఉండదు, కాస్త కుడివైపుకు జరిగి ఉంటుంది. నోరు మూస్తే ముందుగా కోరపళ్లు ఒకదానికొకటి తగిలేవి. మిగతా పళ్లు కలవాలంటే కింది దవడను పక్కకు జరపాల్సిందే. అలా జరుపుతున్నానని కూడా నాకు తెలియదు. "పాలపళ్లే కదా, ఊడిపోతే అవే సర్దుకుంటాయి" అన్నారు చూసినవాళ్లంతా. అమ్మ మాత్రం ఊరుకోలేదు.

దంతవైద్యురాలు అద్దం చేతికిచ్చి చూపించారు. పై పళ్లు కింది పళ్లను బయటినుంచి కప్పాలి. నాకు కుడివైపు అది తారుమారైంది. దాన్ని క్రాస్‌బైట్ అంటారట. లోపం పళ్లలో లేదు, పై దవడే ఇరుకు. పాలపళ్లు ఊడినంత మాత్రాన ఎముక వెడల్పు కాదు కదా! పైగా పక్కకు జరిగిన దవడ అలాగే వంకరగా పెరిగే ప్రమాదం ఉంది. అంగిలి మధ్యనుండే అతుకు చిన్నతనంలో ఇంకా గట్టిపడదు కాబట్టి వెడల్పు చేయడానికి అదే అనువైన వయసు అన్నారు.

అంగిలికి అడ్డంగా ఎక్స్‌పాండర్ బిగించారు, పై దవడను వెడల్పు చేసే పరికరం అది. రోజూ రాత్రి అమ్మ సన్నని తాళంచెవితో దాని మరను పావు చుట్టు తిప్పేది, అంటే దాదాపు పావు మిల్లీమీటరు. ముక్కు దూలం దాకా బిగువు పాకి, కాసేపటికి తగ్గేది. దానికి నేను ఏడవలేదు, మాటకు ఏడ్చాను. నాలుక అంగిలిని తాకకపోతే ట, డ, ణ, ళ పలకవు. తరగతిలో పాఠం చదవమంటే "కళ్లు" అనలేక నిలబడిపోయాను. రోజూ సాయంత్రం అమ్మ నాతో గట్టిగా చదివించింది. రెండు వారాలకు మాట దారికొచ్చింది.

ఇంతలో ముందుపళ్ల మధ్య సందు పడింది. అమ్మ హడలిపోయి ఫోన్ చేస్తే, అతుకు తెరుచుకుంటోందనడానికి అదే గుర్తు, సందు దానంతటదే మూసుకుంటుంది అన్నారు. అలాగే మూసుకుంది. తిప్పడం ఆపాక కూడా పరికరాన్ని ఆరు నెలలు ఉంచారు, తెరుచుకున్న చోట కొత్త ఎముక పట్టాలి కాబట్టి.

వంకరపళ్లన్నిటికీ ఇంత తొందర అక్కర్లేదు, చాలావాటికి ఆగవచ్చు. కానీ నోరు మూసేటప్పుడు గడ్డం పక్కకు జరుగుతుంటే దయచేసి ఆగకండి. ఏడేళ్లలోపు ఒకసారి చూపించమని పళ్లు, దవడల వరుస సరిచేసే వైద్యుల సంఘం, అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ ఆర్థోడాంటిస్ట్స్ కూడా చెబుతోంది.

పన్నెండేళ్లకు నాకు బ్రేసులు కూడా వేశారు, పళ్ల వరుస కోసం. అప్పటికి గడ్డం ముక్కుకు సూటిగానే ఉంది.